న్యూయార్క్ సిటీ కౌన్సిల్ డబ్బు మన వీధి సంఘాలకు ఎలా వస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

క్వీన్స్‌లో పెద్దవాళ్ళ కోసం నడిచే ఒక చిన్న సంఘానికి నేను ఏడేళ్ళు కోశాధికారిగా ఉన్నాను. ఏటా జనవరి వచ్చేసరికి ఫోన్లు మొదలవుతాయి. "అన్నయ్యా, మీకు కౌన్సిల్ డబ్బులు వచ్చాయట కదా, మాక్కూడా ఇప్పిస్తారా?" అని. ఇప్పించడం నా చేతిలో లేదు. ఎలా అడగాలో, ఎక్కడ చిక్కుకుంటారో మాత్రం చెప్పగలను. పిల్లలకు చదువు చెప్పేవాళ్ళు, ముసలివాళ్ళకు తోడుగా ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, పండక్కి వీధంతా కలిపి భోజనం పెట్టేవాళ్ళు ఇన్నేళ్ళుగా నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ చేర్చాను. ఫారాలూ తేదీలూ ఏటా కొంత మారతాయి. దరఖాస్తు తెరిచే ముందు ఆ ఏటి సూచనలను కౌన్సిల్ వెబ్‌సైట్లో ఒకసారి చదువుకోండి.

అసలు ఈ డబ్బు ఏమిటి? ఎవరిది?

నగర ఖజానాది. అంటే పన్ను కట్టే మనందరిదీ. న్యూయార్క్ నగర బడ్జెట్ ఏడాదికి 11,000 కోట్ల డాలర్లు దాటింది. అందులో చాలా చిన్న భాగాన్ని ఫలానా సంఘానికి, ఫలానా పనికి అని పేరు పెట్టి కేటాయించే అధికారం సిటీ కౌన్సిల్‌కు ఉంది. దాన్నే డిస్క్రెషనరీ ఫండింగ్ అంటారు. కౌన్సిల్లో 51 మంది సభ్యులున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో డిస్ట్రిక్ట్. బడ్జెట్‌తో పాటు "షెడ్యూల్ సి" అనే పొడవాటి జాబితా వెలువడుతుంది. ఏ సంఘానికి ఎంత, ఏ సభ్యుడు సూచించారు, ఏ పనికి అన్నది అందులో ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు.

మన ఊళ్ళో ఎంపీ నిధులు తెలిసినవాళ్ళు దాంతో పోల్చుకుంటారు. అక్కడ ఎంపీ ఏటా 5 కోట్ల రూపాయల వరకు పనులు సిఫారసు చేస్తారు. ఆ డబ్బు ఎక్కువగా రోడ్డు, కమ్యూనిటీ హాలు, బడి గది లాంటి కట్టడాలకు జిల్లా యంత్రాంగం ద్వారా ఖర్చవుతుంది. ఇక్కడ మనం మాట్లాడుకునేది అది కాదు. ఇక్కడ సంఘం ఒక సేవ చేస్తుంది, ఆ సేవకు నగరం డబ్బు కడుతుంది. పిల్లలకు సాయంకాలం పాఠాలు, వృద్ధులకు వ్యాయామం, వలస వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు తరగతులు, వీధి నాటకం, ఇలాంటివి. అందుకే దీన్ని విరాళం అనుకోకండి. ఒప్పుకున్న పని చేసి, చేసినట్టు చూపించి తీసుకునే డబ్బు ఇది. ఈ ఒక్క సంగతి మొదట్లోనే మనసుకు ఎక్కితే తర్వాత వచ్చే ప్రతి నియమమూ ఎందుకుందో తెలుస్తుంది.

కౌన్సిల్ మెంబర్ తలచుకుంటే సరిపోతుందా?

సరిపోదు. మెంబర్ చేసేది మీ పేరు సూచించడం వరకే. ఆ తర్వాత కౌన్సిల్ సిబ్బంది మీ సంఘాన్ని పరిశీలిస్తారు. మేయర్ కింద ఉన్న కాంట్రాక్ట్ సర్వీసెస్ ఆఫీసు చూస్తుంది. డబ్బు చెల్లించాల్సిన నగర శాఖ చూస్తుంది. చివరికి నగర లెక్కలు చూసే ఎన్నికైన అధికారి, అంటే కంప్ట్రోలర్, కాంట్రాక్టును నమోదు చేయాలి. వీటిలో ఏ ఒక్కచోట ఆగినా డబ్బు రాదు.

ఇన్ని మెట్లు ఎందుకని చాలామంది విసుక్కుంటారు. దానికి ఒక చరిత్ర ఉంది. మామూలుగా నగరం ఎవరికి పని అప్పగించాలన్నా పోటీ పిలవాలి. ఎన్నికైన సభ్యులు పేరు పెట్టి ఇచ్చే ఈ డబ్బుకు మాత్రం నగర కొనుగోలు నియమాలు ఆ పోటీ నుంచి మినహాయింపు ఇస్తాయి. పోటీ లేనిచోట కాపలా కావాలి. ఆ కాపలా చాలాకాలం బలహీనంగా ఉండేది. ఉనికిలోనే లేని సంఘాల పేర్ల మీద కౌన్సిల్ డబ్బు పక్కన పెట్టి ఉంచిందన్న సంగతి 2008లో బయటపడింది. ఆ మరుసటి ఏడాది మిగుల్ మార్టినెజ్ అనే సభ్యుడు, సంఘాలకు వెళ్ళాల్సిన డబ్బు కాజేసిన నేరం ఒప్పుకుని జైలుకెళ్ళారు. బ్రాంక్స్ సభ్యుడు లారీ సీబ్రూక్ తన అదుపులో ఉన్న సంఘాలకు నిధులు మళ్ళించిన కేసులో 2012లో దోషిగా తేలారు. 2013లో ఆయనకు ఐదేళ్ళ శిక్ష పడింది. ఇవాళ మీ చేత నింపించే కాగితాల్లో చాలావరకు ఆ రోజుల తర్వాత పెట్టినవీ, గట్టిపడినవీ. వాటివల్ల నిజాయితీగా పనిచేసే చిన్న సంఘాలకు కష్టం పెరిగిన మాట నిజమే. అయినా ఆ కాగితాలు ఉండాలనే నేనంటాను. దొంగ సంఘానికి పోయిన ప్రతి డాలరూ మనలాంటి వాళ్ళకు రావాల్సిందే కదా.

ఒక్కో మెంబర్ దగ్గర ఎంత ఉంటుంది? అందరికీ సమానమేనా?

ఒకప్పుడు స్పీకర్‌కు దగ్గరైనవాళ్ళకు ఎక్కువ, ఎదురుచెప్పినవాళ్ళకు తక్కువ అన్న ఆరోపణ గట్టిగా ఉండేది. 2014లో మెలిస్సా మార్క్-వివెరీటో స్పీకర్ అయ్యాక నియమాలు మార్చారు. సభ్యులందరికీ ఒకే లెక్కన పంపకం, పేదరికం ఎక్కువున్న డిస్ట్రిక్టులకు కొంత అదనం అన్న పద్ధతి వచ్చింది. మెంబర్ సొంత వాటాలో స్థానిక కార్యక్రమాలకు, యువతకు, వృద్ధులకు వేర్వేరు పద్దులుంటాయి. ఇవి కాక స్పీకర్ పద్దు, బరో (క్వీన్స్, బ్రూక్లిన్ లాంటి నగర విభాగం) సభ్యులంతా కలిసి ఇచ్చేది, నగరమంతటికీ వర్తించే ప్రత్యేక కార్యక్రమాలు కూడా ఉన్నాయి. ఒకే సంఘానికి ఇద్దరు ముగ్గురు సభ్యులు కొంత కొంత ఇవ్వడం మామూలే. చిన్న సంఘానికి మొదటిసారి వచ్చేది వేలల్లోనే ఉంటుంది, లక్షల్లో కాదు.

మా సంఘం అర్హమేనా? ఏమేం ఉండాలి?

నలుగురు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే సంఘం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో లాభాపేక్ష లేని కార్పొరేషన్‌గా నమోదై ఉండాలి. డైరెక్టర్లు కనీసం ముగ్గురు. నమోదు పత్రం దాఖలు రుసుము 75 డాలర్లు. తర్వాత ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి యజమాని గుర్తింపు సంఖ్య, అంటే ఈఐఎన్ తీసుకోవాలి. దానికి రుసుము లేదు. డబ్బు తీసుకుని ఇప్పిస్తామనే వెబ్‌సైట్ల జోలికి పోకండి.

ఆపైన 501 సి 3 హోదా, అంటే సేవాసంఘంగా ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను మినహాయింపు. వార్షిక రాబడి 50,000 డాలర్లకు, ఆస్తులు 2,50,000 డాలర్లకు మించని చిన్న సంఘాలు చాలావరకు 1023-ఈజీ అనే పొట్టి ఫారం వాడుకోవచ్చు, రుసుము 275 డాలర్లు. లేకపోతే పూర్తి 1023, 600 డాలర్లు. రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గర చారిటీస్ బ్యూరో ఉంది. అక్కడ నమోదు చార్ 410 ఫారంతో, ఏటా లెక్క చార్ 500తో. మినహాయింపు వర్తిస్తుందనుకుంటే ఆ సంగతి కాగితం మీద తేల్చుకోండి. నోటిమాటగా వదిలేయొద్దు.

ఇక్కడ నా కళ్ళారా చూసిన ఒక పొరపాటు చెప్పాలి. రాబడి 50,000 లోపు ఉన్న సంఘం కూడా ఏటా ఐఆర్‌ఎస్‌కు 990-ఎన్ అనే ఆన్‌లైన్ ఫారం పంపాలి. ఎనిమిది ప్రశ్నలు, పది నిమిషాల పని, రూపాయి ఖర్చుండదు. నాకు తెలిసిన ఒక సంఘంలో అధ్యక్షులు మారుతూ వచ్చారు. ఎవరికి వారు ముందువాళ్ళు పంపి ఉంటారనుకున్నారు. వరసగా మూడేళ్ళు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే రద్దవుతుంది. వాళ్ళదీ రద్దయింది. ఆ సంగతి తెలిసింది మెంబర్ వాళ్ళ పేరు సూచించాక, పరిశీలనలో. ఆ ఏడు డబ్బు పోయింది. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుము. పది నిమిషాల పనికి ఏడాది సేవ ఆగిపోయింది. ఈ పేజీ చదివి ఇంకేమీ చేయకపోయినా, ఇవాళే ఐఆర్‌ఎస్ సైట్లో మీ ఈఐఎన్ కొట్టి మీ హోదా ఎలా ఉందో చూసుకోండి.

మాకు ఇంకా 501 సి 3 రాలేదు. దారి లేదా?

ఉంది. హోదా ఉన్న పెద్ద సంఘం ఒకటి మీ తరఫున డబ్బు అందుకుని, లెక్క చూపించే ఏర్పాటు చేసుకోవచ్చు. దీన్ని ఫిస్కల్ కండ్యూట్ అంటారు. దరఖాస్తులో ఆ సంగతి మొదటే చెప్పాలి. ఆ సంఘం కూడా మీలాగే పరిశీలనకు లోబడుతుంది. కాంట్రాక్టు వాళ్ళ పేరు మీదే ఉంటుంది, జవాబుదారీ వాళ్ళదే. కాబట్టి వాళ్ళకు ఎంత సేవా రుసుము, బిల్లులు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, గొడవ వస్తే ఎవరి మాట చెల్లుతుంది అన్నవి ముందే రాతపూర్వకంగా పెట్టుకోండి. "మనవాళ్ళే కదా" అని వదిలేస్తే తర్వాత ముఖాలు చూసుకోలేని పరిస్థితి వస్తుంది.

గుడి తరఫున అడగవచ్చా?

ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణేశుడి గుడికి వచ్చిపోయేవాళ్ళు నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. పూజకు, హోమానికి, వేదపాఠానికి, గుడి మరమ్మతుకు ఈ డబ్బు రాదు. మతబోధనకు ప్రభుత్వ డబ్బు వాడకూడదన్నది ఈ దేశ రాజ్యాంగం దాకా వెళ్ళే మాట. చర్చికైనా మసీదుకైనా ఇదే నియమం. అయితే గుడి ఆవరణలో అందరికీ అందుబాటులో ఉండే లౌకిక సేవ చేస్తే అది వేరు. వృద్ధులకు రక్తపోటు పరీక్షలు, పౌరసత్వ పరీక్షకు తర్ఫీదు, పిల్లలకు లెక్కలు నేర్పడం లాంటివి. ఏ మతం వాళ్ళు వచ్చినా తలుపు తెరిచి ఉండాలి. దండం పెట్టుకుని రమ్మనకూడదు, ప్రార్థనతో మొదలుపెట్టకూడదు. లెక్కలు కూడా గుడి లెక్కలతో కలవకూడదు.

సంక్రాంతి, బతుకమ్మ, ఉగాది సంగతి? సాంస్కృతిక కార్యక్రమంగా, వీధిలో అందరినీ పిలిచి చేసుకునే వేడుకగా అడగవచ్చు. ముగ్గుల పోటీ, పంచాంగం అంటే ఏమిటో చెప్పడం, ఉగాది పచ్చడి రుచి చూపించడం సంస్కృతి. అదే వేదిక మీద పురోహితుడి దక్షిణ ఈ డబ్బులోంచి ఇవ్వడం కుదరదు. ఆ ఖర్చు సభ్యుల చందాలోంచి పెట్టుకోండి.

మావాళ్ళకు మాత్రమే అని పెట్టుకోవచ్చా?

కుదరదు. తెలుగులో నడిపే కార్యక్రమం కావచ్చు. తెలుగు తెలిసినవాళ్ళే ఎక్కువగా వస్తే తప్పులేదు. తెలుగువాళ్ళకే ప్రవేశం అని రాయకూడదు. కులసంఘాలు కూడా ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పుట్టుకను బట్టి సభ్యత్వం ఇచ్చే సంఘం నగరపు డబ్బు అడగడం నా దృష్టిలో న్యాయం కాదు, నియమాల ముందూ నిలబడదు.

ఎప్పుడు అడగాలి?

నగర ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. ముగిసే ఏడాది పేరుతో పిలుస్తారు. 2025 జూలైలో మొదలైంది 2026 ఆర్థిక సంవత్సరం. దరఖాస్తు గడువు సాధారణంగా ఫిబ్రవరి మూడో వారం చుట్టుపక్కల ఉంటుంది. అంటే వచ్చే వేసవిలో చేయబోయే పనికి ఈ చలికాలంలోనే అడగాలి. జనవరిలో మేయర్ ప్రాథమిక బడ్జెట్ ఇస్తారు, మార్చిలో కౌన్సిల్ విచారణలు, వసంతంలో సవరించిన బడ్జెట్, మే నెల నుంచి మళ్ళీ విచారణలు, జూన్ నెలాఖరుకు ఆమోదం. విచారణల్లో ఎవరైనా మాట్లాడవచ్చు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. మీ దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడను తీసుకెళ్ళి ఆవిడ చేత మాట్లాడించండి. అనువాదకులు కావాలంటే ముందుగా అడగాలి.

ఫిబ్రవరి గడువు దాటితే బతిమాలుకున్నా లాభం ఉండదు. ఏప్రిల్లో మెంబర్ ఆఫీసుకు వెళ్ళి నిలబడ్డ సంఘాలను చాలా చూశాను.

దరఖాస్తులో ఏం రాయాలి?

మన సంఘాల దరఖాస్తులు ఎక్కువగా స్థాపన చరిత్రతో మొదలై, అధ్యక్షుల పేర్లతో నడిచి, "సమాజ సేవే మా ధ్యేయం" అంటూ ముగుస్తాయి. చదివేవాళ్ళకు కావాల్సింది అది కాదు. ఎవరికి, ఎక్కడ, ఎన్నిసార్లు, ఎంతమందికి, ఎంత ఖర్చుతో? "గ్లెన్ ఓక్స్‌లో 60 దాటిన 25 మందికి, వారానికి రెండుసార్లు, అక్టోబరు నుంచి మే వరకు యోగా, నెలకోసారి నర్సు పరీక్ష, శిక్షకుడికి ఇంత, గది అద్దెకు ఇంత" అని రాయండి. జీవితమంతా అదే పని చేస్తున్నా రాతలో చూపించలేక వెనకబడుతున్నాం మనం.

అంకెల్లో ఆశ వద్దు. ఇరవై మంది వస్తుంటే నూరు మంది అని రాయకండి. మీరు రాసిన సంఖ్యే రేపు కాంట్రాక్టులోకి ఎక్కుతుంది. అప్పుడు హాజరుపట్టీ చూపించమంటారు.

ఏ మెంబర్‌ను అడగాలి? ఎలా కలవాలి?

మీరు సేవ చేసే చోటు ఎవరి డిస్ట్రిక్టులో ఉందో వాళ్ళను. మీ ఇల్లు ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు. చిరునామా ఇస్తే డిస్ట్రిక్ట్ చెప్పే పేజీ కౌన్సిల్ సైట్లో ఉంది. 2021 ఎన్నికల్లో మొదటిసారి దక్షిణాసియా మూలాలున్నవాళ్ళు కౌన్సిల్‌కు గెలిచారు. జాక్సన్ హైట్స్ నుంచి శేఖర్ కృష్ణన్, బ్రూక్లిన్ నుంచి షహానా హనీఫ్. అప్పటినుంచి మనవాళ్ళు డిస్ట్రిక్ట్ ఏదైనా వాళ్ళ దగ్గరికే వెళ్దామనుకుంటున్నారు. ఆ అభిమానం అర్థమవుతుంది కానీ పద్ధతి అది కాదు. మీ డిస్ట్రిక్ట్ సభ్యుడికి మీ పని తెలియడమే ముఖ్యం.

దరఖాస్తు పెట్టాక పరిచయం చేసుకోవడం ఆలస్యం. శరదృతువులోనే ఆఫీసుకు వెళ్ళి, బడ్జెట్ వ్యవహారాలు చూసే సిబ్బందిని కలవండి. మీ కార్యక్రమానికి ఒకసారి రమ్మనండి. శాలువా కప్పి, సన్మానపత్రం చదివి గంటసేపు కూర్చోబెట్టకండి. తరగతి నడుస్తుండగా పది నిమిషాలు చూపించండి చాలు.

పేర్ల దగ్గర మాకెందుకు ఇన్ని తిప్పలు?

ఇది మన ఇంటి సమస్య. రాష్ట్ర నమోదులో "సంఘం" అన్న మాటకు ఇంగ్లీషులో ఒక హెచ్ ఉంది, ఐఆర్‌ఎస్ లేఖలో లేదు, బ్యాంకు ఖాతాలో మళ్ళీ ఉంది. మనకు మూడూ ఒకటే, కంప్యూటర్‌కు మూడు వేర్వేరు సంఘాలు. డైరెక్టర్ల పేర్లూ అంతే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరం. మా సంఘంలో ఒక పెద్దాయన పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉండేది. అది సరిచేయడానికే రెండు నెలలు పట్టింది. నమోదు పత్రంలో ఉన్న అక్షరాలనే అన్నిచోట్లా వాడండి. ఒక కాగితం మీద ఆ పేర్లు రాసి గోడకు అంటించుకోండి.

10,000 డాలర్లు దాటితే మారేదేమిటి?

ఒక ఏడాదిలో అందరు సభ్యుల నుంచీ కలిపి మీకు వచ్చే డిస్క్రెషనరీ మొత్తం 10,000 డాలర్లు దాటితే ప్రీక్వాలిఫికేషన్, అంటే నగరం ముందుగా ఇచ్చే అర్హత గుర్తింపు, కావాలి. నగరపు కాంట్రాక్టులన్నీ నడిచే "పాస్‌పోర్ట్" అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఈ పని జరుగుతుంది. మన ప్రయాణాల పాస్‌పోర్ట్‌తో దీనికి సంబంధం లేదు. పేరు విని కంగారు పడినవాళ్ళున్నారు కాబట్టి చెబుతున్నాను. అందులో మీ లెక్కలు, పాలకవర్గం వివరాలు, ఆ రకం పనిలో మీ అనుభవం చూపించాలి. వారాలు పట్టవచ్చు. డబ్బు ప్రకటించాక మొదలుపెట్టకండి, దరఖాస్తు చేసినప్పుడే ఖాతా తెరవండి.

జాబితాలో మా పేరొచ్చింది! డబ్బు ఎప్పుడొస్తుంది?

అభినందనలు. ఇప్పుడు ఓపిక పట్టాలి. మొదటిసారి మా సంఘం పేరు జూన్ చివర షెడ్యూల్ సిలో చూసి మిఠాయిలు పంచుకున్నాం. డబ్బు ఖాతాలో పడింది మరుసటి ఏడాది ఆగస్టులో. పద్నాలుగు నెలలు.

పని నడిచే వరస ఇది. పరిశీలన పూర్తయి మీ సంఘానికి అనుమతి వస్తుంది. మీ పనికి సంబంధించిన నగర శాఖ మిమ్మల్ని సంప్రదిస్తుంది. యువత, సమాజాభివృద్ధి శాఖ కావచ్చు, సాంస్కృతిక శాఖ కావచ్చు, వృద్ధుల శాఖ కావచ్చు. మీరు పని వివరం, పద్దుల పట్టిక ఇస్తారు. బీమా పత్రాలు ఇస్తారు. కాంట్రాక్టు తయారవుతుంది, సంతకాలవుతాయి, కంప్ట్రోలర్‌కు వెళ్తుంది. అక్కడ నమోదుకు చట్టం 30 రోజులు ఇస్తుంది. నమోదయ్యాక మీరు ఖర్చుపెట్టిన దానికి బిల్లు పంపితే డబ్బు వస్తుంది.

అంటే ముందు మీ జేబులోంచి ఖర్చు, తర్వాత తిరుగు చెల్లింపు. ఇది చిన్న సంఘాలకు జరుగుతున్న నిజమైన అన్యాయం అని నేను గట్టిగా అంటాను. నగరంలో లాభాపేక్ష లేని సంఘాల కాంట్రాక్టులు చాలావరకు పని మొదలయ్యాకే నమోదవుతున్నాయని కంప్ట్రోలర్ ఆఫీసు నివేదికలే చెబుతూ వచ్చాయి. పెద్ద సంస్థకు బ్యాంకు అప్పిస్తుంది. ఇరవై మంది ముసలివాళ్ళకు భోజనం వండిపెట్టే ఆవిడకు ఎవరిస్తారు? మేం సభ్యుల దగ్గర చేబదుళ్ళు తెచ్చి నడిపాం. అలా తెచ్చిన ప్రతి డాలరుకూ చీటీ రాసుకున్నాం. నగర కాంట్రాక్టులున్న సంఘాలకు వడ్డీ లేని అప్పు ఇచ్చే రిటర్నబుల్ గ్రాంట్ ఫండ్ అనేది ఒకటుంది. మీ శాఖ ప్రతినిధిని దాని గురించి అడగండి. అడగనివాళ్ళకు ఎవరూ చెప్పరు.

ఆలస్యంలో మన చేతిలో ఉన్నది బీమా. కమర్షియల్ జనరల్ లయబిలిటీ పాలసీ, సాధారణంగా ఒక్కో ఘటనకు 10 లక్షల డాలర్ల వరకు అడుగుతారు. అందులో న్యూయార్క్ నగరాన్ని అదనపు బీమాదారుగా చేర్చాలి. జీతగాళ్ళుంటే వర్కర్స్ కాంపెన్సేషన్, డిసెబిలిటీ బీమా. మా పద్నాలుగు నెలల్లో మూడు నెలలు పోయింది, ఏజెంటు ఆ "అదనపు బీమాదారు" పత్రం సరిగ్గా ఇవ్వకపోవడం వల్లే. పాలసీ కొనేటప్పుడే నగరం అడిగే మాటలు ఏజెంటుకు రాసి ఇవ్వండి.

దేనికి ఖర్చుపెట్టవచ్చు, దేనికి కూడదు?

ఒప్పందంలో రాసిన పనికి, ఆ ఆర్థిక సంవత్సరంలో, రసీదుతో. శిక్షకుల వేతనం, గది అద్దె, సామగ్రి, కరపత్రాలు, పాల్గొనేవాళ్ళకు ఫలహారం సాధారణంగా ఒప్పుకుంటారు. మద్యం, బహుమతులు, జరిమానాలు, ఇతర సంఘాలకు విరాళాలు, చందాల సేకరణ విందు ఖర్చులు ఒప్పుకోరు. జూన్ 30 తర్వాత చేసిన పనిని పాత ఏడాది లెక్కలో రాయడం కుదరదు.

అమ్మకపు పన్ను దగ్గర చాలామంది నష్టపోతారు. 501 సి 3 సంఘం రాష్ట్రానికి ఎస్‌టీ 119.2 దరఖాస్తు పెట్టుకుంటే కొనుగోళ్ళపై అమ్మకపు పన్ను కట్టనక్కర్లేదు. అందుకే మీరు కట్టిన పన్నును నగరం తిరిగి ఇవ్వదు. ఆ పత్రం లేకుండా పటేల్ కొట్టులో పేపరు ప్లేట్లు కొంటే పన్ను మీ నెత్తినే పడుతుంది.

నగదు వద్దు. చెక్కు లేదా కార్డు. రసీదులు చివరి చెల్లింపు తర్వాత ఆరేళ్ళు దాచాలి. రసీదు కాగితాల మీద సిరా ఏడాదికి వెలిసిపోతుంది, అదే రోజు ఫోటో తీసి పెట్టండి.

క్యాటరింగ్ మా బావమరిదికి ఇవ్వవచ్చా? తక్కువకే చేస్తాడు.

మన సంఘాల్లో నిజంగా ఎదురయ్యే ప్రశ్న ఇది. అధ్యక్షుడి తమ్ముడిది హాలు, కార్యదర్శి వియ్యంకుడిది ట్రావెల్స్, కోశాధికారి భార్యది నాట్యపాఠశాల. చెడ్డ ఉద్దేశం ఎవరికీ ఉండదు, తెలిసినవాళ్ళయితే చవగ్గా చేస్తారనే నమ్మకమే. కాని న్యూయార్క్ చట్టం ప్రకారం డైరెక్టరుకో వాళ్ళ దగ్గరి బంధువుకో లాభం వచ్చే లావాదేవీని పాలకవర్గం ముందు బయటపెట్టాలి. సంబంధం ఉన్నవాళ్ళు చర్చలోంచీ ఓటులోంచీ తప్పుకోవాలి. మిగిలినవాళ్ళు అది సంఘానికి న్యాయమైన బేరమేనని తేల్చి మినిట్స్‌లో రాయాలి. నా సలహా ఇంకాస్త కఠినం. నగరపు డబ్బు వరకు బంధువులను పూర్తిగా దూరంగా పెట్టండి. మూడు చోట్ల ధర అడిగి ఆ కాగితాలు ఫైల్లో ఉంచండి. బావమరిదికి మీ సొంత ఇంటి పెళ్ళి ఇవ్వండి.

ఇదే నియమం మెంబర్ వైపూ ఉంది. మెంబర్‌కు గాని, వాళ్ళ కుటుంబానికి, సిబ్బందికి గాని మీ సంఘంలో పదవి, జీతం ఉంటే ముందే తెలపాలి. దాచిపెట్టి తర్వాత దొరికితే ఇరువైపులా ప్రమాదం.

ఎన్నికల ఏడాదిలో మెంబర్‌ను వేదిక మీదికి పిలవవచ్చా?

కార్యక్రమం చూడ్డానికి పిలవండి. ఓటు అడిగించకండి. 501 సి 3 సంఘం ఏ అభ్యర్థికీ అనుకూలంగా గాని వ్యతిరేకంగా గాని ప్రచారంలో పాల్గొనకూడదని ఫెడరల్ చట్టం. సంఘం మెయిలింగ్ లిస్టు ప్రచారానికి ఇవ్వడం, సంఘం ఫ్లెక్సీ మీద అభ్యర్థి బొమ్మ వేయడం రెండూ తప్పే. డబ్బిచ్చినందుకు చందా ఇవ్వమని ఎవరైనా అడిగితే అది నేరం. నగర ఇన్వెస్టిగేషన్ శాఖకు చెప్పండి.

అడిగిన దానికన్నా తక్కువ వచ్చింది. లేదా పని మార్చుకోవాలనుకుంటున్నాం.

తక్కువ రావడం మామూలు. వచ్చినదానికి తగ్గట్టు పనివివరం కుదించి శాఖకు ఇవ్వండి. 15,000 అడిగి 6,000 వస్తే 15,000 పని చేస్తానని మాటివ్వకండి. అసలు ప్రయోజనమే మారాలంటే, సంఘం పేరో ఫిస్కల్ కండ్యూటో మారాలంటే, మెంబర్ ఆఫీసుకు చెప్పాలి. అలాంటి మార్పులను కౌన్సిల్ మొత్తం ట్రాన్స్‌పరెన్సీ రిజల్యూషన్ పేరుతో ఓటు వేసి ఆమోదిస్తుంది. శాఖ ఉద్యోగి ఫోన్లో "సరేలెండి" అంటే సరిపోదు.

కంప్యూటర్లు, వ్యాను, భవనం కొనడానికి?

అది క్యాపిటల్ డబ్బు, వేరే దరఖాస్తు, వేరే కఠిన నియమాలు. కొన్న వస్తువు కనీసం ఐదేళ్ళు పనికొచ్చేదై ఉండాలి. చిన్న సంఘాలు మొదట ఆ వైపు వెళ్ళకపోవడమే మేలు.

మీ వీధికి పార్కు బెంచీలో, బడికి ఫ్యాన్లో కావాలంటే పార్టిసిపేటరీ బడ్జెటింగ్ చూడండి. 2011లో నలుగురు సభ్యులతో మొదలైంది. పాల్గొనే డిస్ట్రిక్టులో కనీసం 10 లక్షల డాలర్లు ఎలా వాడాలో నివాసులే ఓటు వేస్తారు. 11 ఏళ్ళు నిండిన పిల్లలు కూడా వేయవచ్చు, పౌరసత్వం అడగరు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు, పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మానాన్నలకు ఈ నగరంలో ఓటు వేసే అవకాశం ఇది. మా వీధిలో ఒక బామ్మగారు తన జీవితంలో అమెరికాలో వేసిన మొదటి ఓటు ఇదే. ఆ రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు.

మేం న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటాం. మాకు వర్తిస్తుందా?

వర్తించదు. ఇది న్యూయార్క్ నగర నివాసులకు చేసే సేవకే. న్యూజెర్సీలో నమోదైన సంఘం క్వీన్స్‌లో తరగతులు నడుపుతుంటే ఇక్కడి కార్యక్రమానికి అడగవచ్చు, కానీ న్యూయార్క్ నమోదులు విడిగా చేసుకోవాలి. ఎడిసన్ పిల్లల బస్సు ఖర్చు ఇందులో రాయకండి.

మాకు రాలేదు. అప్పీలు ఉందా?

లేదు. విచక్షణ అన్నమాటకు అర్థమే అది. హక్కుగా అడగడానికి వీల్లేదు. అయితే కారణం అడగవచ్చు. కాగితాల్లో లోపమైతే సిబ్బంది చెబుతారు. షెడ్యూల్ సి తెరిచి మీ డిస్ట్రిక్టులో ఎవరికి, ఏ పనికి వచ్చిందో చదవండి. మీలాంటి పని చేసే సంఘం కనిపిస్తే వాళ్ళకు ఫోన్ చేయండి. మాకు మొదటి రెండేళ్ళు రాలేదు. రెండో ఏడు అలా ఫోన్ చేస్తే, ఒక చైనీస్ వృద్ధుల సంఘం కార్యదర్శి శనివారం పొద్దున్న మా వంటింటి బల్ల దగ్గర మూడు గంటలు కూర్చుని మా పద్దుల పట్టిక మొత్తం తిరగరాయించారు.

వచ్చింది, పూర్తి చేశాం. వచ్చే ఏడు దానంతటదే వస్తుందా?

రాదు. ప్రతి ఏడూ కొత్త దరఖాస్తు, కొత్త పరిశీలన. మెంబర్ మారవచ్చు. కౌన్సిల్ సభ్యులు వరసగా రెండు విడతలకు మించి ఉండలేరు. కాబట్టి ఈ డబ్బు మీద జీతం పెట్టి పూర్తికాల ఉద్యోగిని తీసుకోకండి, మళ్ళీ రాకపోతే ఆ మనిషి వీధిన పడతారు. చివరి బిల్లు, చివరి నివేదిక గడువులోపు పంపండి. కోశాధికారి మారేటప్పుడు పాస్‌వర్డులు, ఈఐఎన్ లేఖ, 990-ఎన్ రసీదులు, బీమా పత్రాలు ఒకే సంచీలో పెట్టి, ఇద్దరు సాక్షుల ముందు కొత్తవాళ్ళ చేతికివ్వండి. నేను పోయిన మార్చిలో అలాగే ఇచ్చాను. నా తర్వాత వచ్చిన అమ్మాయి ఆ రాత్రే అన్నీ విప్పి చూసుకుని, చార్ 500 గడువు ఎప్పుడని ఫోన్ చేసింది.